తనిఖీ రిజిస్టరులో అ, బ, ప, త

జేబులోని ఫోనును అడిగితే ఏ మాటకైనా పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసే సదుపాయం ఆ రోజుల్లో ఇంకా మా ఇంటిదాకా రాలేదు. ఒక మాట ఎక్కడ పుట్టిందో, ఏ దారిన నడిచి మన నోటికి వచ్చిందో తెలుసుకోవాలంటే పటాన్‌చెరు గ్రంథాలయానికి వెళ్లాలి. బీరువా తాళం తీయించి, దుమ్ముకు నాలుగు తుమ్ములు తుమ్మాలి. అప్పుడు తెలుస్తుంది. ఇంత కష్టపడి తెలుసుకున్నదాన్ని ఎవరికీ చెప్పకుండా ఉండటం అంతకంటే కష్టం. అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్లు. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆగింది గాని చదవడం ఆగలేదు. నాన్న పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం దొరికి తెనాలి వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. 'జిల్లా' అనే మాటకు అరబ్బీలో పక్కటెముక అనే అర్థం ఉందని చదివిన సాయంత్రం పరుగున ఇంటికి వచ్చి, "అమ్మా, మనం ఒక పక్కటెముకలో ఉంటున్నామే!" అన్నాను. అమ్మ పొయ్యి మీద నుంచి తల తిప్పకుండా, "ఎముకలో ఉంటే ఉన్నావు గాని ఆ కరివేపాకు దూసి పెట్టు" అంది. నా విద్యకు మా ఇంట్లో దక్కిన గౌరవం అది.

చదువుతో పాటు నాకు ఇంకో గుణం కూడా ఉండేది. అనుమానం. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లున్నాయని, నవ్వకపోతే ఎక్కువ నీళ్లున్నాయని అనుకునేదాన్ని. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు నా పుస్తకం వైపు తొంగి చూస్తే పేజీని చేత్తో మూసేదాన్ని (వాళ్లు చూసి ఏం ఎత్తుకుపోతారో ఇప్పటికీ చెప్పలేను). అమ్మ నన్ను 'సీఐడీ' అనేది. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

అలాంటి నాకు పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో (పేరు చెప్పను, అప్పటి అలవాటు ఇంకా పోలేదు) లేబుళ్లు సరిచూసే ఉద్యోగం వచ్చింది. సీసా మీద అంటించే లేబులులో అక్షరం తప్పు పోకుండా చూడటం నా పని. ఒక్క లేబులు కూడా గేటు దాటకూడదన్నది అక్కడి మొదటి నియమం. లేబులు బయటపడితే దొంగ మందు సీసా మీద అంటించేస్తారని వాళ్ల భయం. మొదటి ఆరు నెలలు ట్రయల్. అందులో మంచి పేరు తెచ్చుకుంటే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. నాన్న రిటైరయ్యే ఏడాది అది. అందువల్ల ఇంట్లో ఆ 'పర్మనెంటు' అనే మాటను దేవుడి పేరులా నెమ్మదిగా పలికేవాళ్లం.

ఇక గేటు సంగతి. పని ముగిసి బయటికి వచ్చే ఆడవాళ్లందరూ వరుసలో నిలబడి, గోడకు ఉన్న ఒక చిన్న పెట్టె మీది మీట నొక్కాలి. పచ్చ దీపం వెలిగితే పోవచ్చు. ఎర్ర దీపం వెలిగితే పక్కన నీలం కర్టెను వెనక్కి వెళ్లి సంచి, నడుము, చెప్పులు అన్నీ చూపించాలి. ఎవరికి ఏ దీపం వస్తుందో దేవుడికి, ఆ పెట్టెకు తప్ప ఇంకెవరికీ తెలియదని చెప్పేవారు. కర్టెను వెనక ఉండే ఆవిడను అందరూ ఆపా, అంటే అక్క, అనేవారు. సదాశివపేట వైపు మనిషి, యాభై దాటిన వయసు. ఖాకీ చీర మీద చున్నీ కప్పుకుని, చేతిలో ఎప్పుడూ మూత లేని పెన్ను పట్టుకుని ఉండేది. చూపుడు వేలికి ఎప్పుడూ సిరా మరక. తనిఖీ చేసిన ప్రతి మనిషి పేరూ, కారణమూ ఆవిడ రిజిస్టరులో రాయాలి. ఎర్ర దీపంలో మాటిమాటికీ పేరు వచ్చినవాళ్లు పర్మనెంటు కారని మా సెక్షన్‌లో అందరూ నమ్మేవాళ్లు.

చేరిన రెండో వారమే నాకు ఎర్ర దీపం వెలిగింది.

"ఇటు రా బిడ్డా. సంచి తెరువు. జెర చేతులు లేపు."

"నాకే ఎందుకు వచ్చింది?"

"మిషన్‌ను అడుగు. నేనేమన్న మిషన్‌ను కన్ననా?"

నా అన్నం డబ్బా మూత తీసి చూసి, మూసి, రిజిస్టరు దగ్గరికి లాక్కుని కుడి నుంచి ఎడమకు గబగబా ఏదో రాసింది. ఉర్దూ. నాకు ఒక్క అక్షరం తెలియదు. తెలియని అక్షరాలలో నా గురించి ఎవరో ఏదో రాయడం కంటే అనుమానాస్పదమైన సంగతి లోకంలో ఇంకేముంటుంది?

"ఏం రాశారు?" అన్నాను.

"నువ్వొచ్చినవని రాసిన."

"అంత పొడుగుందే?"

"ఉర్దూల గట్లనే ఉంటది. నీకెందుకు పరేషాన్?"

మరుసటి వారం మళ్లీ ఎర్ర దీపం. ఈసారి నేను చేతులు లేపి నిలబడి ఉండగానే సెక్యూరిటీ సూపర్‌వైజరు కర్టెను బయట నుంచి కేక వేశాడు. ఈయన మాట కంటే ముందు ఈల వేస్తాడు గనుక అందరూ విజిల్ సారు అనేవారు.

"ఆపా! నీ ఉర్దూ రాత ఇగ నడవదు. ఆడిట్‌కొచ్చినోళ్లు సదవనీకి రాదంటున్నరు. దసరా దాకా టైం ఇస్తున్న. తెలుగుల రాసుడు నేర్చుకో. లేకుంటే నీ జాగల ఇంకొకర్ని పెడ్త."

"ఈ ఉమర్ల ఏం నేర్చుకోవాలె సార్?"

"అది నన్నడిగితే ఎట్ల? నేర్చుకోవాలె."

ఈల వినిపించింది. వెళ్లిపోయాడు. ఆపా కాసేపు పెన్ను వైపే చూసి, మళ్లీ ఉర్దూలోనే రాసింది. నాకు జాలి కలగాల్సిన చోటు అది. కలగలేదు. దసరా లోపల ఈవిడ నా గురించి ఎవరికీ తెలియని భాషలో ఎంత రాసేస్తుందోనన్న లెక్కే నా బుర్రలో తిరిగింది.

ఆ సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్లాను. ముందు 'తనిఖీ' అనే మాటను పట్టుకుందామనుకున్నాను. శత్రువు ఆయుధం ఏ ఊరి కొలిమిలో తయారైందో తెలియాలి కదా! అన్యదేశ్య పదాల మీద ఎవరో దానమిచ్చిన, అట్ట ఊడిన నిఘంటువు ఒకటి ఉండేది. అందులో దొరికింది. అరబ్బీలో అది 'తన్‌ఖీహ్'. చెట్టు కొమ్మ మీది ముళ్లను, బుడిపెలను చెక్కి నునుపు చేయడం దాని అసలు అర్థమట. ఎముకను పగలగొట్టి లోపలి మూలుగ తీయడం అనే అర్థం కూడా ఆ వేరులోనే ఉందట. తరువాత రాసినదాన్ని దిద్ది, అక్కరలేనిది కొట్టివేసి శుభ్రం చేయడానికి వాడారు. పారశీకుల కచేరీల్లోకి, అక్కడి నుంచి ఉర్దూలోకి వచ్చేసరికి విచారణ అయింది. మన దగ్గరికి వచ్చేసరికి డబ్బా మూత తీసి చూడటం అయింది. నేను ఒక్కదాన్నే కూర్చుని ఆ ముళ్లనూ ఆ మూలుగనూ తలచుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. తోటమాలి చేతి నుంచి సెక్యూరిటీ చేతికి రావడానికి ఒక మాట ఎంత దూరం నడిచింది! ఆనందం పట్టలేక గ్రంథాలయం సారుకు చెప్పాను. ఆయన ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడతాడు. "మంచిది. ఏడున్నరైంది. సంచి చూపించి వెళ్లమ్మా" అన్నాడు గుసగుసగా. అక్కడ కూడా తనిఖీయే. పేజీలు చింపుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారని తలుపు దగ్గర సంచులు చూసేవాడు.

సంచిలో ఆ రోజు ఒక సన్నని పుస్తకం ఉంది. తెలుగువాళ్లు ఉర్దూ అక్షరాలు నేర్చుకోవడానికి రాసినది. పేజీకి ఒక ఉర్దూ అక్షరం పెద్దగా, దాని పక్కన దానికి సరిపోయే తెలుగు అక్షరం అంతే పెద్దగా, కింద రెండు మూడు మాటలు. రిజిస్టరులో నా గురించి ఏం రాస్తున్నారో నేనే చదివి తేల్చుకోవాలని దాన్ని తీసుకున్నాను. ఇంట్లో చదివేదాన్ని. మంగళవారం, శుక్రవారం పని నుంచి నేరుగా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని గనుక ఆ రెండు రోజులూ పుస్తకం నా సంచిలో ఉండేది. తేదీ ముద్ర వేయించుకుని మళ్లీ అదే పుస్తకం తెచ్చుకునేదాన్ని.

ఆ పుస్తకం అట్ట సంచిలోంచి పైకి కనబడుతుండగా గేటుకు వచ్చిన మొదటి మంగళవారం రిజిస్టరులో రాయడానికి ఆపాకు మళ్లీ కారణం దొరికింది. ఎర్ర దీపమే. ఆపా డబ్బాను పట్టించుకోలేదు. పుస్తకం తీసింది. తెరిచింది. తెరిచి అలాగే నిలబడిపోయింది.

"ఏం కితాబు బిడ్డా ఇది?"

"ఉర్దూ నేర్చుకునేది."

"నీకెందుకు ఉర్దూ?"

"ఊరికే" అన్నాను, గొంతులో వీలైనంత రహస్యం నింపి. ఆవిడ కళ్లలో ఏదో తళుక్కుమంది. దొరికిపోయానన్న భయం అది అని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. తన రాత చదవబోతున్నానని తెలిసిపోయింది కాబోలు! ఆవిడ మొదటి పేజీ మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చాలాసేపు చూసింది. తరువాత రిజిస్టరులో ఒంగి, నాకు కనబడకుండా మోచేయి అడ్డం పెట్టి ఏదో రాసింది. వెనక వరుసలో ఆడవాళ్లు "ఎంతసేపు ఆపా, ఆటో పోతది!" అని అరుస్తున్నారు.

శుక్రవారం ఎర్ర దీపం. మళ్లీ మంగళవారం ఎర్ర దీపం. మళ్లీ శుక్రవారం. నేను ఒక నోటు పుస్తకం పెట్టి వివరాలన్నీ రాసుకున్నాను. ఏ రోజు ఏ దీపం, ఆ రోజు చీరా చుడీదారా, జడా ముడా, వరుసలో ఎన్నోదాన్ని, ఆ రోజు డబ్బాలో ఏ కూర. వంకాయ రోజు ఎర్ర దీపం, సొరకాయ రోజు పచ్చ దీపం వచ్చినట్టు ఒక వారం గట్టిగా తేలింది. అమ్మతో, "మంగళ, శుక్రవారాల్లో వంకాయ వండొద్దు" అన్నాను. "నీ గేటుకు కూడా పథ్యమా?" అంది అమ్మ. వంకాయ మానేసినా ఎర్ర దీపం మానలేదు. మీటను ఎడమ చేత్తో నొక్కి చూశాను. మెల్లగా నొక్కి చూశాను. వరుసలో నా ముందున్నామెను బతిమాలి ఆవిడ చోటులో నిలబడ్డాను. ఆవిడకు పచ్చ, నాకు ఎర్ర. నోటు పుస్తకంలో నేను రాయనిది ఒక్కటే, ఆ రోజు సంచిలో ఏ పుస్తకం ఉందన్నది. (చదువుతున్న మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. నేను మీకంటే ఎక్కువ పుస్తకాలు చదివినదాన్ని కాబట్టి నాకు తెలియలేదు.)

ఆరు వారాలు, పన్నెండు ఎర్ర దీపాలు. నా పర్మనెంటు రోజురోజుకూ ఎర్రబడిపోతోంది. ఇక లాభం లేదని హెచ్.ఆర్. ఆఫీసరుకు మూడు పేజీల అర్జీ రాశాను. ఆయనను టై సారు అనేవాళ్లం. పాశమైలారం ఎండలో మెడకు టై కట్టుకుని తిరిగే మనిషి ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. అర్జీ ఇలా మొదలైంది: "తనిఖీ అనునది అరబ్బీ పదము. కొమ్మ మీది ముళ్లను చెక్కి నునుపు చేయుట దాని మూలార్థము. ఎముకలోని మూలుగను తీయుట అను అర్థము కూడ కలదు. మన గేటు వద్ద మొదటిది మాని రెండవది చేయుచున్నారని మనవి." రెండు పేజీలు ఇలాగే నడిచి, మూడో పేజీ చివర, "ఆ పెట్టె నన్ను మాత్రమే పట్టుచున్నది, దయచేసి దానిని విప్పించి చూడగలరు" అని ముగిసింది. ఈ రాత చూసి ఆయన నన్ను అప్పటికప్పుడు పెద్ద ఉద్యోగంలోకి మారుస్తాడేమోనని కూడా కొంచెం ఆశపడ్డాను.

తరువాతి మంగళవారం పిలుపు వచ్చింది. సంచితో సహా రమ్మన్నారు. టై సారు గదిలో ఆయన కుర్చీలో, పక్కన విజిల్ సారు, గోడకు ఆనుకుని ఆపా. బల్ల మీద తనిఖీ రిజిస్టరు, దాని మీద నా అర్జీ. మొదటి రెండు పేజీలూ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. (అరబ్బీ అర్థం ప్రకారం చూస్తే అసలైన తనిఖీ అదే.)

"నీ అర్జీల ఆఖరి లైను ఒక్కటే పనికొచ్చింది" అన్నాడు టై సారు. "పెట్టె ఇప్పిచ్చి చూసినం. దాని వైరు ఆపా టేబుల్ కిందికి పోతది. అక్కడ కాలుతోని నొక్కే బటన్ ఉంది. ఎవల మీదన్న డౌటు ఉంటే ఆపనీకి మేమే పెట్టిచ్చినం. నొక్కినప్పుడల్ల పెట్టెల లెక్క పడ్తది. ఈ ఆరు వారాలల్ల ఆపా దాన్ని పన్నెండు సార్లు నొక్కింది. పన్నెండు సార్లూ నీకే."

నేను విజయగర్వంతో ఆపా వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూస్తోంది.

"అంత సంబురపడకు" అన్నాడు టై సారు. "ఎందుకు నొక్కిందో చెప్తలేదు. నాకు ఉర్దూ మాట్లాడుడొస్తది, సదువుడు రాదు. నువ్వేమన్న సదువుతవా?"

నా జీవితంలో అంతకు ముందు ఎవరూ అంత మంచి ప్రశ్న వేయలేదు. రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాను. నా పేరు ఉన్న ప్రతి వరుసలోనూ కారణం అన్న చోట ఒకే మాట. కుడి నుంచి ఎడమకు వేలితో కూడబలుక్కున్నాను. కాఫ్, తే, అలిఫ్, బే. "కి... తా... బ్. కితాబ్!" అన్నాను గట్టిగా. చప్పట్లు పడలేదు.

"అది సరే. దాని పక్కకు ఈ తెలుగు అక్షరాలేంది?" అన్నాడు విజిల్ సారు ముందుకు వంగి.

అప్పుడు చూశాను. ప్రతి 'కితాబ్' పక్కన, వంకరటింకరగా, చిన్న పిల్లలు పలక మీద దిద్దినట్టు ఒక్కొక్క తెలుగు అక్షరం. మొదటి మంగళవారం అ. శుక్రవారం బ. తరువాత ప, త, ట, స, జ, చ, హ, ఖ, ద, డ.

"సార్, ఇది కోడు" అన్నాడు విజిల్ సారు. "నిన్నటి సంది ఇదే ఆలోచిస్తున్న. అ అంటే అల్యూమినియం రేకు. బ అంటే బాటిల్. ప అంటే పౌడర్."

"త?"

"త అంటే... తాడు."

"మన కంపెనీల తాడెక్కడిదయ్యా?"

"పార్సిల్ కట్టేది ఉంటది గద సార్! ట అంటే టాబ్లెట్. స అంటే స్టిక్కర్." ఇక్కడ ఆగి నా వైపు చూశాడు. "స్టిక్కర్ అంటే లేబుల్, సార్. ఈ పిల్ల లేబుల్ సెక్షన్ల పని చేస్తది. ఏ రోజు ఏం బయటికి పోయిందో ఆపా రాసి పెట్టుకుంది. ఇద్దరు కలిసే చేస్తుండ్రు."

"మరి హ ఏంది?"

విజిల్ సారు ఒక్క క్షణం తడబడ్డాడు. "హ అంటే హైదరాబాద్. మాల్ ఎటు పోయిందో."

నేనే అర్జీ రాసి, నేనే పెట్టె విప్పించి, నేనే రిజిస్టరు చదివి, నా మెడకు నేనే దొంగతనం తగిలించుకున్నాను. పర్మనెంటు సంగతి దేవుడెరుగు, నాన్న ముఖం ఎలా చూడాలి? ఆ అక్షరాల వంక మళ్లీ చూశాను. అ, బ, ప, త, ట, స... ఏ బడిలోనూ ఎవరూ ఈ వరుసలో తెలుగు అక్షరాలు చెప్పరు. కాని నేను రోజూ పొద్దున షేర్ ఆటోలో నోట్లో గొణుక్కునే వరుస ఇదే. అలిఫ్, బే, పే, తే, టే, సే, జీమ్, చే. నా సంచిలోని పుస్తకం వరుస. దాన్ని నేను ఉర్దూ కోసం కుడి పక్క నుంచి చదువుతుంటే, ఆవిడ తెలుగు కోసం ఎడమ పక్క నుంచి చదువుతోంది. వారానికి రెండు సార్లు, కర్టెను వెనక, వెనక వరుసలో వాళ్లు అరుస్తుండగా, ఐదేసి నిమిషాలు.

తల ఎత్తి చూశాను. ఆపా నా వైపు చూడటం లేదు. నా సంచి వైపు చూస్తోంది. ఆ రోజు మంగళవారం.

నాకు తెలిసినదంతా చెప్పేయడమే నా జబ్బు. ఈ సంగతి ఉన్నదున్నట్టు చెబితే నేను బయటపడతాను. డ్యూటీలో అనుమానం బటన్ నొక్కి అక్షరాలు దిద్దుకుందని ఆవిడను దసరా దాకా కూడా ఆగకుండా పంపేస్తారు. చెప్పకపోతే ఇద్దరం దొంగలం. ఎర్ర సిరాతో కొట్టేసిన నా అర్జీ ఎదురుగా కనబడుతోంది. ముళ్లు చెక్కడం, అక్కరలేనిది కొట్టివేయడం. చెప్పాల్సినంత ఉంచి మిగిలింది తీసేయడమూ తనిఖీయే కదా అనిపించింది.

"కోడు కాదు సార్" అన్నాను. "పేజీ గుర్తు." పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. "ఈ పుస్తకంలో పేజీకి ఒక అక్షరం ఉంటుంది. ఆ రోజు ఏ పేజీ చూశారో ఆ అక్షరం రాసుకున్నారు. కావాలంటే సరిచూసుకోండి."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. టై సారు పుస్తకం తిప్పాడు. మొదటి పేజీలో అ. రెండో పేజీలో బ. మూడో పేజీలో ప. రిజిస్టరు చూసి, పుస్తకం చూసి, హ దాకా వచ్చాక విజిల్ సారు వైపు చూశాడు. "నీ హైదరాబాద్ ఇక్కడుందయ్యా" అన్నాడు. విజిల్ సారు మెడలోని ఈలను సర్దుకున్నాడు.

"గని దినానికి ఒక్క పేజీ చూసుడేంది ఆపా? అన్నీ ఒక్కపాలే చూడొచ్చు గద?"

ఆపా మొదటిసారి తల ఎత్తింది.

"మీరే చెప్పిండ్రు గద సార్, ఒక్క లేబుల్ బయటికి పోవద్దని. కితాబుల పెట్టి తీస్కపోవుడు అల్కగ. ఎనుక లైన్ల నలబై మంది నిలబడి లొల్లి పెడ్తరు. అన్ని పేజీలు పైపైన చూసేకంటె ఒక్క పేజీ పక్కాగ చూస్తే నయం గాదా?"

"పన్నెండు పేజీలల్ల ఏమన్న దొరికిందా?"

"దొరికింది సార్."

విజిల్ సారు ఈలను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎండిన కరివేపాకు రెబ్బ. పేజీల నిషాని పెట్టుకుంది. మళ్ల ఆన్నే పెట్టిన."

టై సారు పుస్తకం మళ్లీ ఒకసారి తిప్పాడు. ఆ వాదనలో ఎక్కడో ఒక లొసుగు ఉందని ఆయనకు తెలుసు. ఎక్కడ ఉందో దొరకలేదు. చివరికి రిజిస్టరు మూసి, "ఇద్దరూ పోండి. ఇగ నుంచి కితాబులు లోపటికి బంద్. ఎవలు తెచ్చినా పొద్దుగాల గేటు కాడ ఆపా చేతికిచ్చి పోవాలె, పోయేటప్పుడు తీస్కోవాలె" అన్నాడు.

నా అర్జీ గెలిచింది. నా పుస్తకం ఓడిపోయింది.

గేటు దాకా ఇద్దరం కలిసి నడిచాం. కర్టెను దగ్గర ఆవిడ ఆగి, "ఎందుకట్ల చెప్పినవ్ బిడ్డా? దొంగ అని నన్ను చూపిస్తే అయిపోతుండె గదా" అంది. ఇంతకంటే మంచి సందర్భం రాదని నేను గొంతు సవరించుకుని, అరబ్బీ తోటమాలి దగ్గర నుంచి మొదలుపెట్టాను. కొమ్మలు, ముళ్లు, మూలుగ, కచేరీలు. ఆవిడ సగం దాకా ఓపికగా విని, "నాకా కహానీ ఒద్దు. 'ద'కు 'ధ'కు ఏం ఫరక్ ఉంది, అది చెప్పు" అంది.

"అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేదాన్ని కదా ఆపా! నేనే నేర్పేదాన్ని."

"అడుగుదామనే అనుకున్న. నువ్వు నన్ను చూసే చూపుకే భయమైంది. దొంగను చూసినట్టు చూస్తవు."

ఆరు వారాలుగా నన్ను దొంగలా చూస్తున్నారని నేను రాసుకున్న నోటు పుస్తకం అప్పుడు కూడా నా సంచిలోనే ఉంది. దాన్ని ఇంటికి వెళ్లాక పొయ్యిలో పెట్టాను. అమ్మ, "ఏమిటే అది?" అంటే, "వంకాయ లెక్క" అన్నాను.

ఆ తరువాత రోజూ పొద్దున పుస్తకం ఆపా చేతిలో పెట్టి లోపలికి వెళ్లేదాన్ని. వారానికి పది నిమిషాలు దొరికిన పుస్తకం, టై సారు దయ వల్ల ఆవిడకు రోజంతా దొరికింది. సాయంత్రం పచ్చ దీపం వెలిగినా కర్టెను వెనక్కి వెళ్లి ఒత్తులు, గుణింతాలు చెప్పి వచ్చేదాన్ని. దానికి బదులుగా ఆవిడ నా ఉర్దూ ఉచ్చారణను దిద్దేది. 'ఖ' అనమంటే నేను అనే 'ఖ' గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు ఉందనేది. దసరాకు నాలుగు రోజుల ముందు విజిల్ సారు రిజిస్టరు తెరిచి, పేజీ అటు ఇటు తిప్పి, చివరికి ఈల వేయడం కూడా మరచిపోయి వెళ్లిపోయాడు. మొదటి వరుస నుంచి చివరి దాకా తెలుగే. అక్షరాలు కాస్త కుడి వైపుకు పరిగెత్తేవి. ఎడమకు పరిగెత్తడం మానుకోవడానికి అవి చేస్తున్న ప్రయత్నం అది.

నేను పర్మనెంటు అయిన రోజు మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగింది. నా ముందున్న ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. కర్టెను వెనక ఆపా నా సంచి తెరిచి, సెక్షన్‌లో పంచగా మిగిలిన మైసూర్‌పాకు పొట్లం విప్పి, ఒక ముక్క నోట్లో వేసుకుని, రిజిస్టరు నా వైపు తిప్పింది. కారణం: పర్మనెంటు. దొరికింది: మిఠాయి. ఒకటి జప్తు. 'జప్తు' కూడా అరబ్బీ మాటేనని నాకు తెలుసు. చెప్పలేదు. అంతటి నిగ్రహం నాలో ఉందని ఆ రోజే నాకు మొదటిసారి తెలిసింది.

ఆపా ఉద్యోగం మానుకుని సదాశివపేటలో కూతురి దగ్గరికి వెళ్లి చాలా ఏళ్లయింది. ఆ గేటులో ఇప్పుడు మనిషి ఒళ్లు తాకకుండానే తనిఖీ చేసే యంత్రం ఉంది. దానికి కారణం రాసే అవసరం లేదు. మొన్న గ్రంథాలయానికి వెళ్లినప్పుడు ఆ సన్నని పుస్తకం కింది అరలో కనబడింది. తెరిచి చూశాను. ప్రతి పేజీలోనూ ఉర్దూ అక్షరం పక్కన నేను పెన్సిల్‌తో పెట్టుకున్న టిక్కు, తెలుగు అక్షరం పక్కన సిరా వేలి మరక. డాల్ దగ్గర కరివేపాకు రెబ్బ పెట్టిన చోట ఇంకా ఒక గోధుమ రంగు గీత మిగిలి ఉంది. తలుపు దగ్గర కొత్తగా వచ్చిన గ్రంథాలయం అమ్మాయి నా నెరిసిన జుట్టు చూసి, సంచి వైపు చూడకుండానే, "మీరు వెళ్లండి అమ్మా" అంది. రెండడుగులు వేసి ఆగిపోయాను. నన్ను చూడకుండా పంపేసిందంటే ఏదో ఉందని అనుమానం వచ్చింది. వెనక్కి వచ్చి సంచి నోరు విప్పి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాను.

"ఒకసారి చూడు తల్లీ" అన్నాను. "పక్కాగా చూడు."